రోలెక్స్ ల్యాండ్-డ్వెల్లర్ కొనాలా, డేట్‌జస్ట్ తీసుకోవాలా? వాచీలు విప్పే పనిలో ఉన్నవాడిగా నా సమాధానం

ప్రశ్న పెద్దగా ఉంది కాబట్టి ముందు నాలుగు ముక్కల్లో చెప్పేస్తా. మీరు హైదరాబాద్‌లో ఉంటారు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నలభై నిండుతున్నాయి, జీవితంలో ఒక్కటే ఒక్క ఖరీదైన వాచీ కొనుక్కుని రోజూ పెట్టుకుని తర్వాత కూతురికి ఇవ్వాలని ఉంది. రోలెక్స్ 2025లో తెచ్చిన కొత్త మోడల్ ల్యాండ్-డ్వెల్లర్ 40 మీద మనసు పడింది, ఇంట్లోవాళ్ళు మాత్రం డేట్‌జస్ట్ 41 అంటున్నారు. కొత్త మెషీను నమ్మొచ్చా, దుబాయ్‌లో ఉండే బావగారు తెస్తానంటున్నారు తెప్పించుకోనా, ఇక్కడ ఒక డీలర్ వెంటనే ఇస్తా కానీ రేటు మీద ఎక్స్‌ట్రా అంటున్నాడు కట్టొచ్చా, పెట్టుకుని స్విమ్మింగ్ చెయ్యొచ్చా. ఇవీ మీరడిగినవి.

సూటిగా చెప్పాలంటే మీకు డేట్‌జస్ట్ తీసుకోండి. ల్యాండ్-డ్వెల్లర్ బాలేదని కాదు, నిజానికి రెండిట్లో ఏది ఇంట్రెస్టింగ్ అంటే నేను క్షణం ఆలోచించకుండా ల్యాండ్-డ్వెల్లర్ అంటా. కానీ మీరడుగుతున్నది ఒకే ఒక్క వాచీ, రోజూ వాడేది, ఇరవై ముప్పై ఏళ్ళ తర్వాత కూడా నడవాల్సింది. ఆ లెక్కలో చూస్తే దాన్ని ఇంట్రెస్టింగ్ చేసిన విషయమే మిమ్మల్ని ఇంకొన్నాళ్ళు ఆగమంటోంది. అదేంటో కింద రాస్తున్నా. ఒక్క మినహాయింపు మాత్రం ఉంది, షోరూం వాళ్ళే ఫోన్ చేసి అసలు రేటుకి ల్యాండ్-డ్వెల్లర్ ఇస్తామంటే, మీకూ నిజంగా ఆ మెషీను కోసమే కావాలనిపిస్తే, తీసుకోండి, నా మాట పక్కన పెట్టెయ్యండి. ఎక్స్‌ట్రా కట్టి మాత్రం వద్దు.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే వీడెవడు చెప్పడానికి అనుకుంటారు. మా నాన్న కోఠిలో వాచీ రిపేరు చేసేవాడు, నేను ఆయన బల్ల దగ్గరే పని నేర్చుకున్నా, తర్వాత గల్ఫ్‌లో ఒక సర్వీస్ సెంటర్లో చాలాకాలం చేసి తిరిగొచ్చా. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా పాత ఆటోమేటిక్‌లే. ల్యాండ్-డ్వెల్లర్ నేను విప్పలేదు, వారంటీలో ఉన్న వాచీని బయటివాళ్ళు విప్పకూడదు కూడా. చైన్ సైజు కోసం ఒక కస్టమర్ తెచ్చినప్పుడు వెనక గ్లాసులోంచి ఐగ్లాస్ పెట్టి తనివితీరా చూశా, అంతే.

సరే అసలు ఇందులో కొత్తేంటి. ఇన్‌స్టాగ్రామ్‌లో అందరూ చైన్ గురించి, తేనెపట్టు గళ్ళ డయల్ గురించి మాట్లాడుతున్నారు. 2025 ఏప్రిల్‌లో జెనీవాలో వాచెస్ అండ్ వండర్స్ షోలో దీన్ని రిలీజ్ చేశారు, దానికి కొద్ది రోజుల ముందే రోజర్ ఫెదరర్ చేతికి కనపడేసరికి నెట్‌లో గోల గోల అయింది. కేసు, చైన్ రెండూ కలిసిపోయినట్టుండే ఈ డిజైన్ రోలెక్స్‌కి కొత్తేం కాదు, 1970ల్లోనే చేశారు, 1977లో వచ్చిన ఆయిస్టర్‌క్వార్ట్జ్ చూస్తే ఇది దాని మనవడని చెప్పక్కర్లేకుండా తెలుస్తుంది. ఆ కాలంలో స్విస్ వాళ్ళంతా అటే వెళ్ళారు, 1972లో ఓడెమార్ పిగే రాయల్ ఓక్, 1976లో పటెక్ నాటిలస్. కాబట్టి షేపు విషయంలో రోలెక్స్ చేసింది తన పాత బీరువా తెరవడమే, నాకందులో పెద్ద గొప్పేం కనపడలేదు (డయల్ మీద ఆ గళ్ళు కూడా నాకు కాస్త ఎక్కువే అనిపించాయి, సాదా డయల్ అయితే ఇంకా బాగుండేది, ఇది నా టేస్టు అంతే).

అసలు వార్త లోపలుంది. మెషీను పేరు 7135, అందులో ఎస్కేప్‌మెంట్ పూర్తిగా కొత్తది, డైనాపల్స్ అని పేరు పెట్టారు. ఈ వాచీ మొత్తం మీద 32 పేటెంట్లకి అప్లై చేశామని కంపెనీ చెప్పింది, అంటే మార్కెటింగ్ కోసం రంగు మార్చిన సరుకు కాదిది.

ఎస్కేప్‌మెంట్ అంటే తెలియనివాళ్ళ కోసం: వాచీలో బ్యాలెన్స్ వీల్ ఊయలలాగా అటూ ఇటూ ఊగుతుంటుంది, మెయిన్ స్ప్రింగ్‌లో కీ ఇచ్చినప్పుడు చేరిన బలాన్ని ఆ ఊపుకి తగ్గట్టు కొంచెం కొంచెం వదిలి ఊయల ఆగకుండా చిన్న తోపు ఇచ్చేదే ఎస్కేప్‌మెంట్. టిక్ టిక్ అనే చప్పుడు అక్కడినుంచే వస్తుంది. ఇంచుమించు ప్రతి మెకానికల్ వాచీలోనూ, మీ తాతగారి హెచ్ఎంటీలో కూడా, ఉండేది లీవర్ పద్ధతి. థామస్ మడ్జ్ అనే ఇంగ్లీషు వాచీ మేకర్ 1750ల్లో కనిపెట్టింది, అదే ఇప్పటికీ నడుస్తోంది. దాంట్లో ఒక చిన్న ఫోర్కుకి రెండు కెంపు రాళ్ళు ఉంటాయి, చక్రం పన్ను ఆ రాయి మీద జారుకుంటూ తోస్తుంది. ఆ జారడమే సమస్య. జారుడంటే రాపిడి, రాపిడి అంటే ఆయిల్, ఆయిల్ అంటే కొన్నేళ్ళకి ఎండిపోవడం లేదా పక్కకి పాకిపోవడం. నా దగ్గరికి "స్లో అవుతోందండీ" అని వచ్చే ఆటోమేటిక్‌లు విప్పి చూస్తే చాలావాటిలో విరిగిందేమీ ఉండదు, ఆయిల్ పోయి ఉంటుంది.

డైనాపల్స్‌లో రెండు సిలికాన్ చక్రాలు ఒకదానికొకటి పట్టుకుని తిరుగుతూ, మధ్యలో ఉన్న ఒక రాకర్‌ని ఒకసారి ఇది ఒకసారి అది తోస్తాయి, ఆ రాకర్ బ్యాలెన్స్‌కి తోపు ఇస్తుంది. ఇక్కడ జారుడు బదులు దొర్లుడు ఉంటుంది, మామూలు గేరు పళ్ళు ఒకదాని మీద ఒకటి దొర్లినట్టు. అందుకే బలం తక్కువ వేస్టవుతుంది. రెండు చక్రాల ఆలోచన కొత్తది కాదు, బ్రెగే అనే పాతకాలపు వాచీ మేకర్ రెండొందల ఏళ్ళ కిందటే ప్రయత్నించాడు, కానీ ఆ రోజుల్లో లోహంతో చేసిన చక్రాలు బరువు, వాటి పళ్ళ మధ్య ఉండే సందు వల్ల తేడాలు. సిలికాన్ బాగా తేలిక, వెంట్రుకలో వంతు కొలతల్లో కూడా కచ్చితంగా కోయొచ్చు, అయస్కాంతం పట్టదు. మెటీరియల్ దొరికాక పాత కల నిజమైంది అన్నమాట.

ఇలా మిగిలిన బలాన్ని వాళ్ళు వేగం పెంచడానికి వాడారు. డేట్‌జస్ట్‌లో ఉండే 3235 గంటకి 28,800 బీట్లు కొడుతుంది, 7135 గంటకి 36,000, అంటే సెకనుకి 10. సెకన్ల ముల్లు కదలిక చూస్తే తేడా తెలుస్తుంది, నీళ్ళ మీద జారినట్టు ఉంటుంది. వేగం ఎక్కువైతే చేతి కుదుపులకి టైము తక్కువ చెదురుతుంది. ఇంతకుముందు ఈ వేగంలో అందరికీ తెలిసింది జెనిత్ వాళ్ళ ఎల్ ప్రిమెరో, అది 1969 నాటిది. బ్యాలెన్స్ ఇరుసు సెరామిక్, హెయిర్ స్ప్రింగ్ (బ్యాలెన్స్‌ని అటూ ఇటూ ఊపే సన్నటి స్ప్రింగ్ చుట్ట) రోలెక్స్ సొంత సిలికాన్ రకం, సిలాక్సీ అంటారు. పవర్ రిజర్వ్, అంటే నిండా కీ ఉన్నప్పుడు తీసి పక్కన పెడితే నడిచే టైము, 66 గంటలు, శుక్రవారం రాత్రి తీసి బీరువాలో పెడితే సోమవారం పొద్దున ఆఫీసుకి వెళ్ళేటప్పటికి నడుస్తూనే ఉంటుంది. ఇన్ని చేసి మందం 9.7 మి.మీ. లోనే కుదించారు. డేట్‌జస్ట్ 41 దాదాపు 12 ఉంటుంది కాబట్టి ఫుల్ హ్యాండ్ షర్టు కఫ్ కింద ల్యాండ్-డ్వెల్లర్ హాయిగా దూరిపోతుంది. ఆ ఒక్క విషయంలో డేట్‌జస్ట్ దానికి సాటి రాదు.

ఇంత పొగిడి మరి వద్దంటావేంటి అంటారు కదా. ఇక్కడే చాలామంది చూడని సంగతొకటుంది.

రెండు వాచీలకీ కంపెనీ ఇచ్చే టైము గ్యారంటీ ఒకటే. రోజుకి ప్లస్ ఆర్ మైనస్ 2 సెకన్లు. రెండూ ముందు స్విస్ క్రోనోమీటర్ టెస్టు (టైము కచ్చితత్వం చూసే పరీక్ష) పాసై, కేసులో పెట్టాక రోలెక్స్ సొంత టెస్టు కూడా పాసవ్వాలి. పవర్ రిజర్వ్ చూస్తే డేట్‌జస్ట్‌కే ఇంకాస్త ఎక్కువ, 70 గంటలు. నీళ్ళకి రెండూ 100 మీటర్లు. వారంటీ రెండిటికీ 5 ఏళ్ళు. సర్వీసింగ్ సుమారు పదేళ్ళకోసారి అని కంపెనీ చెప్పే మాట కూడా రెండిటికీ ఒకటే. అంటే కాగితం మీద మీకు అదనంగా వచ్చేది సన్నదనం, ముల్లు కదలిక, వెనక గ్లాసు. మిగతాదంతా ఇంజినీరింగ్ ఆనందం. ఆ ఆనందం విలువ నాకు తెలుసు, నేను దానికోసమే ఈ పనిలో ఉన్నా, కానీ మీ ప్రశ్నలో దాని ఊసే లేదు.

ఇక కొత్త మెషీను నమ్మొచ్చా అన్నారు. రోలెక్స్ టెస్టింగ్ మీద నాకు అనుమానం లేదు, వాళ్ళు తొందరపడే రకం కాదు. అయినా కొత్త ఎస్కేప్‌మెంట్ అన్నది ల్యాబులో ఎంత తిప్పినా జనం చేతుల్లో పదేళ్ళు తిరిగితే గానీ దాని అసలు గుణం బయటపడదు. దీనికి చరిత్రలో మంచి ఉదాహరణ ఉంది. జార్జ్ డేనియల్స్ అనే ఇంగ్లీషు వాచీ మేకర్ కనిపెట్టిన కో-యాక్సియల్ అనే ఎస్కేప్‌మెంట్ పద్ధతిని ఒమెగా 1999లో మార్కెట్లోకి తెచ్చింది, లీవర్ తర్వాత పెద్ద ఎత్తున తయారైన మొదటి కొత్త ఎస్కేప్‌మెంట్ అదే అనుకోవచ్చు. ఆ 2500 మెషీను మొదట 28,800 బీట్లతో వచ్చింది, తర్వాత సి వెర్షన్‌లో 25,200కి తగ్గించారు, ఆ తర్వాత డి వెర్షన్‌లో చక్రాల అమరికే మార్చారు. ఇప్పుడు ఒమెగా కో-యాక్సియల్ అంటే నేను కళ్ళు మూసుకుని కొనుక్కోమంటా, కానీ అక్కడికి చేరడానికి వాళ్ళకి ఏళ్ళు పట్టింది. డైనాపల్స్‌కి కూడా అలాగే అవ్వాలని రూలేం లేదు. మీకు ఒకే వాచీ కాబట్టి ఆ ప్రయోగంలో మొదటి బ్యాచ్‌గా మీరుండాల్సిన అవసరం లేదంటున్నా, అంతే.

అలాగని 3235 మచ్చలేని మెషీను అని చెప్తే అబద్ధమవుతుంది. అది 2015లో వచ్చింది, డేట్‌జస్ట్ 41లోకి 2016లో. ఈ 32 సిరీస్‌లో కొన్ని వాచీలు ఊపు తగ్గి స్లో అవుతున్నాయని ఓనర్లు నెట్‌లో ఏళ్ళ తరబడి గ్రాఫులు పెట్టి మరీ చర్చించుకుంటున్నారు. వారంటీలో ఉంటే కంపెనీ చూసుకుంటుంది. నేనిచ్చే సలహా, కొన్నాక ఏడాదికోసారి టైమ్‌గ్రాఫర్ (టిక్ టిక్ చప్పుడు విని వేగం, ఊపు కొలిచే పరికరం) మీద పెట్టించి చూడండి, మూత తీయకుండానే చూడొచ్చు, అయిదేళ్ళు నిండే లోపు తేడా ఉంటే తెలిసిపోతుంది. పదేళ్ళుగా లక్షల చేతుల మీద తిరిగిన మెషీను కాబట్టే దాని జబ్బేంటో మనకి తెలిసింది. తెలిసిన జబ్బుకి మందుంటుంది.

రిపేరు సంగతి ఇంకొంచెం చెప్పనివ్వండి, నాకు ఇందులోనే పని కాబట్టి. ఎనభైలు తొంభైల్లో కరీంనగర్ నుంచి, కడప నుంచి గల్ఫ్ వెళ్ళినవాళ్ళు తెచ్చిన సీకో ఫైవ్‌లు, రికోలు ఇప్పటికీ నా బల్ల మీదికి వస్తాయి, కొడుకులు తెస్తారు, కొన్నిసార్లు మనవలు. పార్టులు దొరుకుతాయి, లేకపోతే ఇంకో చచ్చిన వాచీలోంచి తీసి వేస్తాం, నడుస్తుంది. ఒక రిటైర్డ్ డాక్టరుగారు పాత డేట్‌జస్ట్ తెచ్చారు, లోపల 1570 మెషీను, ఆయన సర్వీసింగ్ అన్న మాటే మర్చిపోయినట్టున్నారు, ఆయిల్ గట్టిపడి గోధుమరంగు జిగురైపోయింది. కడిగి, కొత్త మెయిన్ స్ప్రింగ్ వేసి, ఆయిలింగ్ చేస్తే మళ్ళీ కుర్రాడిలా తిరిగింది. లోహంతో చేసిన పార్టుకి ఆ గుణం ఉంది, అరిగితే తెలుస్తుంది, వంగితే సరిచెయ్యొచ్చు, మరీ దిక్కు లేకపోతే లేతు మీద కొత్తది చేసుకోవచ్చు. సిలికాన్ అలా కాదు. అది దాదాపు అరగదు, తుప్పు పట్టదు, అయస్కాంతానికి లొంగదు, కానీ ఒత్తిడి తప్పితే పుటుక్కున విరుగుతుంది. విరిగితే కంపెనీ పార్టు తప్ప దారి లేదు, ఆ పార్టు బయట షాపులకి రాదు. కాబట్టి ల్యాండ్-డ్వెల్లర్ కొన్నవాళ్ళు జీవితాంతం కంపెనీ సర్వీసుకే వెళ్ళాలి. డేట్‌జస్ట్ కూడా కంపెనీకే ఇవ్వడం మంచిది, కానీ మీ అమ్మాయి కాలానికి దాన్ని విప్పగలిగినవాళ్ళు నాలుగు చోట్ల ఉంటారు.

అయస్కాంతం అన్నాను కాబట్టి ఒక మాట. ఐప్యాడ్ కవరు మీద, స్పీకర్ పక్కన, ఫోన్ వెనక అంటుకునే చార్జర్ మీద వాచీ పెట్టి "రోజుకి నిమిషాలకి నిమిషాలు ఫాస్ట్ వెళ్తోంది" అని తెచ్చేవాళ్ళు ఈ మధ్య బాగా పెరిగారు. మామూలు లోహపు హెయిర్ స్ప్రింగ్ చుట్లు అంటుకుని అలా అవుతుంది, డీమ్యాగ్నటైజర్ మీద క్షణాల్లో పోతుంది. డేట్‌జస్ట్‌లో నీలం రంగు పారాక్రోమ్ హెయిర్ స్ప్రింగ్ ఉంటుంది, దానికీ ఆ బాధ లేదు. కాబట్టి ఆ కారణంతో ల్యాండ్-డ్వెల్లర్ వైపు వెళ్ళక్కర్లేదు.

చైన్ గురించి, చేతికి పెట్టుకుని చూడకుండా డబ్బు కట్టొద్దు. మీరు మణికట్టు ఆరున్నర అంగుళాలన్నారు. ల్యాండ్-డ్వెల్లర్ 40లో చైన్ కేసులోంచి నేరుగా బయటికి వస్తుంది, మామూలు చైన్‌లాగా కొమ్ముల (కేసుకి చైన్ తగిలించే చోటు) దగ్గర వెంటనే కిందికి వాలదు, అందుకని నంబరు 40 అయినా చేతి మీద ఇంకా పెద్దగా కూర్చుంటుంది. ఆరున్నరకి నాకైతే 36 సైజు బాగుంటుందనిపిస్తుంది, దాంట్లో మెషీను అదే. ఇంకోటి, దీని క్లాస్ప్ (చైన్ మూసే కొక్కెం) దాచిపెట్టిన రకం, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ డేట్‌జస్ట్ చైన్‌లో ఉండే 5 మి.మీ. లూజు చేసుకునే ఈజీలింక్ ఇందులో లేదు. హైదరాబాద్ మే నెలలో మధ్యాహ్నానికి మణికట్టు ఎంత ఉబ్బుతుందో మీకు తెలుసు, జనవరిలో సైజు చేయించుకున్న చైన్ మేలో కొరుకుతుంది. సైజు కోసం నా దగ్గరికి వచ్చాడన్నానే ఆ కస్టమర్, ఆయన బాధ కూడా ఇదే.

గీతల సంగతి కూడా. ల్యాండ్-డ్వెల్లర్ కేసు మీద వెడల్పాటి గీత పాలిష్ పైభాగాలు, పక్కన పదునైన అంచు, ఆ అంచే దాని అందం. టేబుల్‌కి తగిలితే దాచుకోలేదు. దయచేసి బంగారు షాపులో "కొంచెం బఫ్ కొట్టించండి" అని మాత్రం ఇవ్వకండి. ఇలాంటి చైన్ ఉన్న వేరే బ్రాండు వాచీ ఒకటి అలా బఫ్ కొట్టించుకుని నా దగ్గరికి వచ్చింది, అంచులన్నీ సబ్బుబిళ్ళలా గుండ్రంగా అయిపోయాయి, ఇక దాన్ని వెనక్కి తేలేం. స్టీలు మోడల్ అంటున్నారు గానీ దాని బెజెల్ (గ్లాసు చుట్టూ ఉండే రింగు) 18 క్యారెట్ల వైట్ గోల్డ్, రిలీజ్ అప్పుడు పూర్తి స్టీలు వెర్షన్ అసలు లేనే లేదు, వైట్ గోల్డ్ బెజెల్‌తో స్టీలు, ఎవరోస్ గోల్డ్ (రోలెక్స్ గులాబీరంగు బంగారం), ప్లాటినం, ఇవే వచ్చాయి. డేట్‌జస్ట్‌లో గీతల బెజెల్ తీసుకున్నా అదీ వైట్ గోల్డే, కాకపోతే దాంట్లో సాదా స్టీలు బెజెల్ ఆప్షన్ ఉంది, తక్కువకి వస్తుంది, రోజువారీకి అదే నయం.

ఇప్పుడు డబ్బు. రిలీజ్ అప్పుడు అమెరికాలో ల్యాండ్-డ్వెల్లర్ 40 స్టీలు వెర్షన్ దాదాపు 15 వేల డాలర్లు, గీతల బెజెల్ డేట్‌జస్ట్ 41 అప్పుడు 11 వేల దగ్గర్లో. తర్వాత రేట్లు పెరిగాయి, ఇక్కడి రేటు షోరూంలోనే అడగండి. మీ డీలర్ సంగతి: మొదట్లో బయట మార్కెట్లో దీనికి అసలు రేటుకి రెట్టింపు పైనే అడిగారు, తర్వాత దిగింది. కొత్త రోలెక్స్ ఏదొచ్చినా ఇదే తంతు, మొదటి ఏడాది ఊపులో కొన్నవాడే ఎక్కువ కట్టేది. ఆ ఎక్స్‌ట్రా డబ్బు వాచీలోకి వెళ్ళదు, డీలర్ జేబులోకి వెళ్తుంది, రేపు అమ్మాలనుకుంటే మొదట కరిగేది అదే. పైగా ఆ డీలర్ "వారంటీ కార్డు తర్వాత ఇస్తా", "బిల్లు వేరే పేరు మీద" అంటే అక్కడితో లేచి వచ్చెయ్యండి. షోరూంలో కూడా "ఈ నగ కొంటే వాచీ ఇస్తాం" లాంటి మాటలు వస్తే నవ్వి ఊరుకోండి, పేరు రాసి, మీరే రోజూ పెట్టుకుంటారని చెప్పి, ఓపిగ్గా ఉండండి. రోలెక్స్ తన వెబ్‌సైట్లో కొత్త వాచీలు అమ్మదు, అథరైజ్డ్ షోరూం ఒక్కటే దారి, నెట్‌లో ఎవరైనా కంపెనీ రేటుకే కొరియర్ చేస్తామంటే అది మోసమే.

నకిలీల గురించి కూడా చెప్తా ఎందుకంటే డీలర్ దగ్గర చూస్తానంటారేమో. ఇంట్లో చేసుకునే ఒక పరీక్ష: ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి సెకన్ల ముల్లుని వీడియో తీసి, ఒక సెకనులో ఎన్ని అడుగులు వేస్తుందో లెక్కపెట్టండి. ల్యాండ్-డ్వెల్లర్ అయితే 10 రావాలి. 8 వస్తే అది మామూలు 28,800 మెషీను, ఇంకేం చూడక్కర్లేదు, వాచీ వెనక్కి ఇచ్చెయ్యండి. 10 వచ్చినంత మాత్రాన అసలుదని కాదు, అది మొదటి జల్లెడ మాత్రమే. తర్వాత వెనక గ్లాసులో ఆ రెండు చక్రాల అమరిక ఉందా, చెక్కిన గీతలు శుభ్రంగా ఉన్నాయా తెలిసినవాళ్ళకి చూపించండి.

ఇక బావగారి సంగతి. "చేతికి పెట్టుకుని వస్తే ఎవరూ అడగరు" అన్న మాట నేను గల్ఫ్‌లో ఉన్నప్పుడు రోజూ వినేవాణ్ణి. ఆ వాచీ మీకోసమే తెస్తున్నారు కాబట్టి అది డ్యూటీ కట్టాల్సిన వస్తువే, ఇంత ధరకి ఫ్రీ అలవెన్సు చాలదు, ఎయిర్‌పోర్టు కస్టమ్స్‌లో రెడ్ చానల్‌కి వెళ్ళి బిల్లు చూపించి కట్టాలి. ఆడవాళ్ళ నగలకి ఉండే మినహాయింపు వాచీకి వర్తించదు. కట్టకుండా దొరికితే వాచీ పట్టుకుంటారు, జరిమానా వేరే, ఆయన ఉద్యోగం అక్కడ, మీ సరదా కోసం ఆయన్ని ఇరికించకండి. డ్యూటీ కలిపి లెక్కేస్తే దుబాయ్‌లో మిగిలేది చాలాసార్లు ఏమీ ఉండదు. ఇంకో చిన్న విషయం, వారంటీ అయిదేళ్ళు కొన్న తేదీ నుంచి, మీ చేతికొచ్చిన రోజు నుంచి కాదు.

ఇక్కడ కొంటే పద్ధతిగా ఉంటుంది. 10 లక్షలు దాటిన చేతి గడియారాల మీద 2025 ఏప్రిల్ 22 నుంచి 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్ళే ముందుగా తీసుకునే ఆదాయపు పన్ను) వసూలు చేస్తున్నారు, భయపడకండి అది మీ ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులో సర్దుబాటవుతుంది. పాన్ ఇవ్వాలి, 2 లక్షలు అంతకన్నా ఎక్కువ క్యాష్ తీసుకోవడం చట్టప్రకారం కుదరదు కాబట్టి బ్యాంకు నుంచే కట్టండి. స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్‌లతో మన దేశం చేసుకున్న ఒప్పందం 2025 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, స్విస్ వాచీల మీద దిగుమతి సుంకం ఏళ్ళ మీద దశలవారీగా తీసేస్తారు. అందుకని రేట్లు పడిపోతాయని ఆగి కూర్చోకండి, స్విస్ కంపెనీలు ఏటా రేటు పెంచే అలవాటు కూడా ఉంది, ఒకటి తగ్గితే ఇంకోటి పెరుగుతుంది.

రోలెక్స్ అదే ఏడాది తెచ్చిన మిగతావి కూడా ఎలా ఉన్నాయన్నారు. ఆయిస్టర్ పర్పెచ్యువల్‌లో లావెండర్, ఇసుక రంగు, పిస్తా డయల్స్ వచ్చాయి, రంగులే కొత్త, బాగున్నాయి, మీ అమ్మాయికి ఇప్పుడే అడిగితే పిస్తా కావాలంటుందేమో. 1908 అనే మోడల్‌కి గోల్డ్ చైన్ వచ్చింది, అది మన బడ్జెట్ కాదు. సెరామిక్ డయల్‌తో ఆకుపచ్చ జీఎంటీ మోడల్ కూడా వైట్ గోల్డే, దాని గురించి మాట్లాడుకుని లాభం లేదు.

ల్యాండ్-డ్వెల్లర్ షేపే కావాలి, ఆగలేను అంటే చోపార్డ్ ఆల్పైన్ ఈగిల్ ఒకసారి చేతికి పెట్టుకుని చూడండి, చైన్ పనితనం చాలా బాగుంటుంది, జనం గుర్తుపట్టరు, అది కొందరికి లోటు కొందరికి వరం. షేపు మాత్రమే ముచ్చటైతే టిస్సో పీఆర్ఎక్స్ ఆటోమేటిక్ ఉంది, దీని ధరలో చిన్న ముక్కకి వచ్చేస్తుంది, 80 గంటల పవర్ రిజర్వ్. ఒక ఏడాది పెట్టుకుని ఇలాంటి చైన్ మీ చేతికి, మీ ఎండకి సరిపడుతుందో లేదో తేల్చుకోండి, ఈలోపు 7135 గురించి కూడా నాలుగు సంగతులు బయటికొస్తాయి. నిజం చెప్పాలంటే మీ కేసులో నాకు బాగా నచ్చే దారి ఇదే, డేట్‌జస్ట్ ఇప్పుడు, షేపు మోజు తీరడానికి పక్కన ఒక పీఆర్ఎక్స్.

చివరిది, స్విమ్మింగ్. రెండూ 100 మీటర్లవి, రెండిటికీ క్రౌన్ (పక్కనుండే కీ బిళ్ళ) స్క్రూ రకం, ల్యాండ్-డ్వెల్లర్ వెనక గ్లాసున్నా ఫరవాలేదు, పూల్‌లో నిరభ్యంతరంగా వెళ్ళొచ్చు. నీళ్ళలో దిగేముందు క్రౌన్ పూర్తిగా బిగించి ఉందా లేదా వేలితో చూసుకోండి, నీళ్ళు పోయి వచ్చే రోలెక్స్‌ల్లో ఎక్కువ అది సగం తిప్పి వదిలేసినవే. వేడి నీళ్ళ స్నానం, స్టీమ్ రూం వద్దు. వైజాగ్ బీచ్‌కో గోవాకో వెళ్ళి సముద్రంలో దిగితే రూముకొచ్చాక కుళాయి కింద మంచినీళ్ళతో కడిగి, చైన్ సందుల్లో ఇసుక లేకుండా పాత టూత్‌బ్రష్ పెట్టి మెల్లగా రుద్దండి.